పుస్తకానికి డోర్ నంబరు కంటే ముందు ఒక గుర్తు కావాలి

ప్రశ్న: నమస్కారం సార్. చిత్తూరు జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూల్లో తెలుగు టీచరుగా పనిచేస్తున్నాను. ఈ ఏడాది లైబ్రరీ బాధ్యత కూడా నాకే అప్పగించారు. నాలుగు బీరువాలు, స్టాక్ రిజిస్టరు ప్రకారం 1,260 పుస్తకాలు. ప్రతి క్లాసుకీ వారానికి ఒక లైబ్రరీ పీరియడ్ ఉంది. పిల్లలు వచ్చి గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడిపోతారు. "మేడమ్, ఏదో ఒకటి మీరే ఇవ్వండి" అంటారు. మొన్న ఆరో తరగతి అమ్మాయి నక్షత్రాల గురించి పుస్తకం కావాలంది. ఉందని రిజిస్టర్లో చూశాను. పీరియడ్ అయిపోయేదాకా వెతికినా దొరకలేదు. ఆ పాప మళ్ళీ అడగలేదు. పెద్ద లైబ్రరీల్లోలాగా పుస్తకాలకి నంబర్లు వేస్తే బాగుంటుందా? వాటిని పిల్లలకి ఎలా నేర్పాలి? బీరువాలు తెరిచి వదిలేస్తే పుస్తకాలు పోతాయేమోనని టెన్షన్ కూడా ఉంది. పరీక్షలయ్యాక వేసవిలో మొదలుపెట్టనా, ఇప్పుడే మొదలుపెట్టనా?
ఒక టీచర్, చిత్తూరు జిల్లా

సమాధానం:

అమ్మా,

మీరు అడిగింది నంబర్ల గురించి. నేను మాత్రం "ఆ పాప మళ్ళీ అడగలేదు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ధైర్యం చేసి ఒకసారి అడిగి, దొరక్క ఊరుకున్న పిల్ల రెండోసారి నోరు తెరవడానికి చాలా రోజులు పడుతుంది. కొందరు ఇక అడగనే అడగరు. అందుకని నంబర్ల సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ అమ్మాయి ఈసారి వచ్చినప్పుడు ఎవర్నీ అడగకుండా నక్షత్రాల పుస్తకం దగ్గరికి నడిచి వెళ్ళాలి. పైవారం ఇంకో అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్ళీ అక్కడికే రావాలి. మీరు చేయబోయే పనంతా దీని కోసమే అనుకోండి.

మన ఊళ్ళలో ఇంటికి దారి ఎలా చెప్పుకుంటామో గుర్తు చేసుకోండి. తిరుపతిలో కొత్తగా దిగినవాళ్ళకి "లీలామహల్ సర్కిల్ దాటినాక ఎడమ పక్క సందు, మూలన టీ కొట్టు ఉంటుంది, దాని ఎదురిల్లు" అంటాం. పల్లెలో అయితే "రామాలయం వెనక, చింతచెట్టు పక్కన మెట్లున్న ఇల్లు" అంటాం. ఆ ఇళ్ళకి డోర్ నంబర్లు ఉంటాయి. కరెంటు బిల్లుకి, పోస్ట్‌మ్యాన్‌కి అవి కావాలి కూడా. కానీ మనిషి దారి పట్టుకునేది గుర్తులతోనే. లైబ్రరీలోకి వచ్చిన పిల్లలకీ ముందు ఆ టీ కొట్టు, ఆ చింతచెట్టు కావాలి. వీధి అలవాటయ్యాక డోర్ నంబరు చెబితే తలకెక్కుతుంది.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక ఆరో తరగతి పిల్లాడు. అప్పుడు చంద్రగిరి వైపు ఒక స్కూల్లో లైబ్రరీ చూసేవాణ్ణి. వాడు లైబ్రరీ పీరియడ్ అంతా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఎప్పుడో ఎవరో "ముట్టుకోవద్దు" అని గట్టిగా అని ఉంటారు. ఒకరోజు దగ్గరికొచ్చి "సార్, పాములవి ఉన్నాయా?" అన్నాడు. వాళ్ళ ఇల్లు చెనక్కాయల చేను పక్కనేనట. పుస్తకం తీసి ఇచ్చాను. పైవారం మళ్ళీ అడిగాడు, మళ్ళీ తీసి ఇచ్చాను. మూడోవారం నేను రిజిస్టరు రాసుకుంటూ, తల ఎత్తకుండానే, "పగిలిన అద్దం బీరువా, కింది అర, గోడవైపు చివర" అన్నాను. వెళ్ళాడు. గొంతుకూర్చుని ఒక్కో పుస్తకం మీద వేలు పెట్టి జరుపుకుంటూ పోయాడు. తన పుస్తకం దగ్గర వేలు ఆగగానే గిరుక్కున తిరిగి నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆ తర్వాత వాడు చేతులు వెనక్కి కట్టుకోవడం నేను చూడలేదు. ఇంకో నలుగురిని వెంటబెట్టుకొచ్చి, "అద్దం పగిలిందే, దాంట్లో కింద" అని వాడే చూపించేవాడు.

ఎండాకాలం సెలవుల్లో గదికి సున్నం వేశారు. పుస్తకాలన్నీ ఎలాగూ కిందికి దించాం కదా అని, ఎంతో ముచ్చటపడి డ్యూయీ పద్ధతి ప్రకారం, అంటే పెద్ద లైబ్రరీల్లోలాగా ఒక్కో విషయానికి ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతిలో, మొత్తం తిరిగి సర్దాను. ప్రతి పుస్తకానికీ నంబరు అంటించాను. జూన్‌లో బడి తెరిచారు. వాడు తిన్నగా పగిలిన అద్దం బీరువా దగ్గరికి పోయి కూర్చున్నాడు. అక్కడ వ్యాకరణం పుస్తకాలున్నాయి. "పాములు యాడికి పోయినాయి సార్?" అన్నాడు. "597.96 చూడు" అన్నాను. వాడు ఆ అద్దం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ లోపలికి రావడానికి నెల పట్టింది. నేను వేసిన నంబరు సరైనదే. కానీ వాడు సొంతంగా పట్టుకున్న దారిని నేను ఒక్క సెలవుల్లో చెరిపేశాను. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మీ నాలుగు బీరువాలు. అన్నీ ఒకేసారి తెరవకండి. 1,260 పుస్తకాలు ఒకేసారి నేలమీదికి దించితే రెండు రోజుల్లో ఓపిక అయిపోయి, ఎలా వచ్చినవి అలాగే లోపలికి తోసేస్తాం. ఒక్క బీరువాతో మొదలుపెట్టండి. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురిని, ఆరో తరగతి వాళ్ళు నలుగురిని పిలవండి. చిన్నవాళ్ళు తప్పకుండా ఉండాలి. వాళ్ళు లేకుండా సర్దితే వాళ్ళకి అందని ఎత్తులో, వాళ్ళు వాడని పేర్లతో సర్దేస్తాం.

ముందు అడ్డం తొలగించండి. పాత గైడ్లు, సిలబస్ మారిపోయిన క్వశ్చన్ బ్యాంకులు, కాలం చెల్లిన జనరల్ నాలెడ్జి పుస్తకాలు, ఒకే చిన్న పుస్తకం ముప్పై కాపీలు, చెదలు తిన్నవి. ఇవి అర నిండా ఉంటే మంచి పుస్తకం వాటి మధ్యన నలిగిపోతుంది. మీ నక్షత్రాల పుస్తకం కూడా ఇలాంటి వాటి వెనకే ఎక్కడో ఉండి ఉంటుంది. రిజిస్టర్లో ఎక్కినవి కాబట్టి దేన్నీ పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. హెచ్‌ఎం గారికి చెప్పి, నాలుగో బీరువాలోకి మార్చి, ఏవి మార్చారో రాసి పెట్టుకోండి. పిల్లలు తిరిగే మూడు బీరువాల్లో పిల్లలు చదవగలిగినవే ఉండాలి. మొత్తం ఐదొందలే తేలినా నష్టం లేదు.

తర్వాత కుప్పలు వేయించండి. కుప్పల పేర్లు పిల్లలే పెట్టాలి. విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం అని మీరు చెప్పేస్తే క్లాసు పుస్తకాల లిస్టు అయిపోతుంది. వాళ్ళనే అడిగితే "ఆకాశం", "పాములు, పురుగులు", "అడవి", "పొలం", "ఆటలు", "చేసి చూసేవి", "గొప్పోళ్ళ కథలు", "దేవుళ్ళ కథలు", "నవ్వొచ్చేవి" అంటారు. అవే పేర్లు ఉంచండి. ఎనిమిదో తొమ్మిదో కుప్పలు చాలు. ఒకటి మాత్రం నా మాటగా కలపండి, "మన చుట్టుపక్కల" అని. చంద్రగిరి కోట, శ్రీకాళహస్తి కలంకారీ, శేషాచలం కొండల్లో ఉండే బంగారు బల్లి, దేవాంగపిల్లి, ఎర్రచందనం, వీటి గురించి ఒక్క పేజీ ఉన్న పుస్తకమైనా, దాచిపెట్టిన పేపర్ కటింగ్ అయినా అందులో పెట్టండి. ఆ కుప్పని గుమ్మానికి దగ్గరగా ఉంచండి. తనకి ముందే తెలిసిన పేరు కనపడితే, గుమ్మం దగ్గర ఆగిపోయే పిల్ల ఇంకో రెండడుగులు లోపలికి వేస్తుంది.

ఈ కుప్పలు వేసేటప్పుడు వాదనలొస్తాయి. రానివ్వండి, పాఠం అంతా అక్కడే ఉంది. మా పిల్లలు ఆవు గురించి ఒక పీరియడ్ సగం కొట్లాడుకున్నారు. పులి పక్కన పెట్టాలని ఒకడు, వడ్ల పక్కన పెట్టాలని ఇంకొకడు. డ్యూయీ పద్ధతిలో కూడా పులి ఒకచోట, ఆవు ఇంకోచోటే. పులిలాంటి అడవి జంతువులు 599లో ఉంటాయి, పాడిపశువులు పొలం పనులతోపాటు 636లోకి వెళతాయి. చివరికి మావాళ్ళు పొలంలోనే పెట్టారు. అడవి అరలో మాత్రం ఒక అట్టముక్క మీద "ఆవులు, మేకలు ఇక్కడ లేవు, పొలంలో ఉన్నాయి" అని రాసి నిలబెట్టారు. ఒక పుస్తకాన్ని రెండు రకాలుగా ఆలోచించి వెతకొచ్చు అన్న సంగతి ఆ అట్టముక్క వల్ల వాళ్ళకి వచ్చినంత బాగా నా ఉపన్యాసాల వల్ల రాలేదు.

పిల్లల పుస్తకాల్లో చాలావాటికి వెన్ను ఉండదు. పదహారు, ఇరవై నాలుగు పేజీలు మధ్యలో పిన్ను కొట్టి ఉంటాయి. వాటిని బీరువాలో నిలబెడితే సన్నటి గీతల్లా కనపడతాయి తప్ప ఏ పుస్తకమో తెలీదు. వీటికి మన జిల్లాలో చవకైన మార్గం ఉంది. టమోటా బాక్సులు. మండీకి టమోటాలు తోలే ఆ ప్లాస్టిక్ బాక్సులు ఏ రైతు ఇంట్లోనైనా పాతవి ఒకటో రెండో దొరుకుతాయి. కడిగి ఆరబెట్టి, పుస్తకాలని అట్ట బొమ్మ ముందుకి కనపడేలా వరసగా నిలబెట్టండి. పిల్లలు ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటే తిప్పుకుంటూ చూస్తారు. బాక్సుని బల్ల మీద పెట్టకండి, నేల మీదే ఉంచండి. చిన్నవాళ్ళు చుట్టూ కూర్చుంటారు. మరీ నిండుగా కుక్కితే వేళ్ళు దూరవు, పుస్తకాలు చిరుగుతాయి. మూడొంతుల్లో రెండొంతులు నిండితే చాలు.

ప్రతి అరకీ, ప్రతి బాక్సుకీ ఒక బొమ్మ ఉండాలి. మాట కింద రాయండి, బొమ్మ పెద్దగా వేయించండి. ఆరో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలు మనకి ఉన్నారు. వాళ్ళు ఎవరికీ తెలియకుండా దాచుకుంటారు. బొమ్మ ఉంటే వాళ్ళు కూడా అందరిలాగే నేరుగా వెళ్ళగలరు. కంప్యూటర్లో తీసిన ప్రింట్లకంటే పిల్లలు వేసిన వంకర పామే మేలు. వేసినవాడు ఆ చోటు జన్మలో మర్చిపోడు.

తెలుగు పుస్తకాలు ఒక బీరువా, ఇంగ్లీషువి ఒక బీరువా అని విడదీయకండి. చాలా స్కూళ్ళలో అలాగే చేస్తారు, నాకు అది నచ్చదు. మన పాఠ్యపుస్తకాలే ఇప్పుడు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో వస్తున్నాయి. పిల్ల వచ్చింది నక్షత్రాల కోసం. తెలుగు పుస్తకంలో చదువుకుంటుంది, పక్కనున్న ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూస్తుంది, రెండు మూడు పేర్లు పట్టుకుంటుంది. రెండూ పక్కపక్కన ఉంటేనే అది జరుగుతుంది. మీది తమిళనాడు సరిహద్దు వైపు అయితే ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు కూడా ఉంటారు. తమిళం, ఉర్దూ, కన్నడ పుస్తకాలు నాలుగే ఉన్నా సరే, వాటికొక చోటు కనపడేలా ఇవ్వండి.

ఇక లైబ్రరీ పీరియడ్. నలభై మందిని ఒకేసారి లోపలికి పంపితే ఏ పద్ధతీ నిలవదు. సగం మందికి ఒక టమోటా బాక్సు ఇచ్చి వరండాలో కూర్చోబెట్టండి. మిగతావాళ్ళని పదేసి మందిగా లోపలికి పిలవండి. మొదటి రోజు రూల్స్ చెప్పకండి. గదంతా ఒకసారి తిరగమనండి, తర్వాత ఒక తెల్లకాగితం ఇచ్చి గది పటం గీయమనండి. తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ, ఫ్యాను కింద ఏముంది, ఏ బీరువా తలుపు కిర్రుమంటుంది. పిల్లలు పట్టుకునే గుర్తులు మనం ఊహించలేం. ఒకమ్మాయి ఆటల పుస్తకాల చోటు "బల్లి గుడ్లు పెట్టిన కిటికీ కింద" అని రాసింది. ఆ పటాల్లోంచి నాలుగైదు గుర్తులు తీసుకుని ఒక పెద్ద చార్టు మీద వేయించి గోడకి తగిలించండి. ఆ తర్వాత ఆ చోట్లు మార్చకండి. సున్నం వేసినా, కొత్త పుస్తకాలొచ్చినా సరే. తప్పనిసరై మార్చాల్సి వస్తే పిల్లల చేతే మార్పించండి, పాత చోట "ఇల్లు మారింది, ఫలానా చోటికి" అని కాగితం అంటించండి.

పిల్లలు పుస్తకం తీసి చూసి, ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తారు. దీనికి పాత శుభలేఖలు పనికొస్తాయి. దళసరి కార్డుని జానెడు పొడవున, రెండు వేళ్ళ వెడల్పున కత్తిరించి ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి. మీద పేరు, ఇష్టమైన రంగు. పుస్తకం తీసిన సందులో ఆ ముక్క పెట్టాలి. తిరిగి పెట్టేటప్పుడు ముక్క తీసుకుని పుస్తకం అక్కడే పెట్టాలి. రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది. ఎవరి ముక్క ఏ అరలో ఎక్కువసార్లు కనపడుతోందో చూస్తే, ఏ బిడ్డకి ఏది ఇష్టమో ఎవర్నీ అడగకుండా మీకు తెలిసిపోతుంది. ఆ లాభం నేను మొదట అనుకోలేదు.

"ఏదో ఒకటి మీరే ఇవ్వండి" అనే పిల్లలకి ఇష్టం లేదని అనుకోకండి. ఏం అడగొచ్చో వాళ్ళకి తెలీదు. పాఠంలో లేనిది అడిగితే తిడతారేమో అనుకుంటారు. "నీకేం ఇష్టం?" అంటే ఇంకా బిగుసుకుపోతారు, అది పరీక్షలో ప్రశ్నలా ఉంటుంది. "నిన్న బడి నుంచి ఇంటికి పోతా పోతా ఏం చూశావు?" అనండి. లారీ అంటాడు, కోతులంటాడు, చెరువులో చేపలు పట్టారంటాడు. ఆ మాట ఏ బొమ్మ కిందికి వస్తుందో ఇద్దరూ కలిసి ఆలోచించండి. తర్వాత అక్కడికి వాడితోపాటు నడవండి. కుర్చీలోంచి వేలు చూపించకండి. అర దగ్గరికి వెళ్ళాక మాత్రం మీరు ఒక అడుగు ముందే ఆగిపోండి. పుస్తకం మీద పడే మొదటి చెయ్యి వాడిదే కావాలి. మనం తీసి ఇస్తే వాడికి పుస్తకం దొరుకుతుంది, దారి దొరకదు.

పుస్తకం చేతికొచ్చాక ఇంకో చిన్న దారి ఉంది, పుస్తకం లోపలి దారి. విషయసూచిక చూడటం ఆరో తరగతిలోనే నేర్పొచ్చు. వాళ్ళ సైన్సు పుస్తకంతోనే మొదలుపెట్టండి, అది అందరి సంచిలో ఉంటుంది. ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పదసూచిక పుస్తకం చివర ఉండటం తెలుగు పిల్లల పుస్తకాల్లో అరుదు. ఉన్నది ఒక్కటి కనపడినా దాన్ని పట్టుకుని ఒక పీరియడ్ గడపండి.

పుస్తకం వెతికే పోటీలు పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. వేగంగా చదివేవాళ్ళే గెలుస్తారు, తడబడేవాళ్ళు ఇంకా వెనక్కి పోతారు. దాని బదులు ఎనిమిదో తరగతి పిల్లని ఒక ఆరో తరగతి పిల్లకి జత చేయండి. "అక్కా, కోతులవి ఎక్కడ?" అని అడగడం మనల్ని అడగడం కంటే తేలిక. చూపించే పిల్లకీ చోట్లు ఖాయమవుతాయి.

ఇప్పుడు మీరు అడిగిన నంబర్లు. వేయండి, కానీ ఎనిమిది, తొమ్మిది తరగతుల కోసం వేయండి. బొమ్మ కింద ఒక మూలన చిన్నగా రాస్తే సరిపోతుంది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన లోకంలోని విషయాలన్నిటినీ పది వీధులుగా విడగొట్టాడు. 000 నుంచి మొదలై 900 దాకా. 500 సైన్సు వీధి, దాంట్లో 520 ఆకాశం, 598 పక్షులు. 600లో మనిషి చేసే పనులు, అంటే సేద్యం, వైద్యం, వంట. 700లో కళలు, ఆటలు. క్రికెట్ 796.358. సాహిత్యం 800, చరిత్ర భూగోళం 900. పిల్లలకి ఈ పది కంఠతా పట్టించకండి. మీ "ఆకాశం" బొమ్మ కింద 520 అని ఉంటే చాలు. రేపు తిరుపతిలో డిగ్రీ చదవడానికి వెళ్ళి, కాలేజీ లైబ్రరీలో అదే 520 కనపడినప్పుడు తెలిసిన మనిషి ఎదురైనట్టుంటుంది. జానపద కథలు మాత్రం ఈ పద్ధతిలో 398లోకి, మిగతా కథలు 800లోకి పోతాయి. స్కూల్లో ఆ విడగొట్టడం వద్దు, కథలన్నీ ఒకేచోట ఉండనివ్వండి.

చుక్క తర్వాత అంకెల దగ్గర పిల్లలు తప్పకుండా తడబడతారు. మేకల పుస్తకం 636.39, కోళ్ళ పుస్తకం 636.5. ముప్పై తొమ్మిది పెద్దది కదా, మేకలు తర్వాత రావాలి అంటారు. డబ్బుతో చెప్పండి. చుక్క తర్వాతవి పైసలు. మేకలవి 39 పైసలు, కోళ్ళవి 50 పైసలు. కాబట్టి మేకలు ముందు, కోళ్ళు తర్వాత. లెక్కల టీచరుతో మాట్లాడి దశాంశాలు చెప్పేటప్పుడు ఒక పీరియడ్ లైబ్రరీలో పెట్టమనండి. ఆయనకీ మంచి ఉదాహరణ దొరుకుతుంది.

తెలుగు టీచరు కాబట్టి అక్షర క్రమం మీరు చూసుకోగలరు. రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. రచయిత పేరుతో సర్దాలంటే మన పేర్లతో చిక్కు. ఒక అట్ట మీద ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకో దాని మీద పొడి అక్షరాలు, మరొక దాని మీద కలం పేరు. పిల్లలకి గుర్తుండేది కథ పేరే కాబట్టి, పెద్ద కథల పుస్తకాలని పేరులోని మొదటి అక్షరంతో సర్దండి. రెండోది "క్ష". గోడ మీది వర్ణమాలలో అది చివర ఉంటుంది, నిఘంటువులో "క" కిందే ఉంటుంది. పిల్లలు చివర వెతికి లేదంటారు. మీ లైబ్రరీలో ఎక్కడ పెడతారో నిర్ణయించుకుని ఆ మాట అర మీద రాసేయండి. అందరూ ఒకేలా వెతికితే చాలు.

పుస్తకాలు పోతాయన్న మీ భయం నాకు బాగా తెలుసు. స్టాక్ తనిఖీ రోజు సంతకం పెట్టాల్సింది మనమే. చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీకి అధికారిగా వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకి ఐదు సూత్రాలు రాశారు. వాటిలో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికి అని. నాలుగోది, పాఠకుడి సమయం మిగల్చమని. మీ ఆరో తరగతి అమ్మాయి పీరియడ్ మొత్తం ఎదురుచూసి ఉత్త చేతులతో వెళ్ళింది కదా, ఆ నాలుగో సూత్రం ఆమె కోసమే. ఇన్నేళ్ళలో నా చేతిమీద పోయిన పుస్తకాలకంటే తాళం వేసిన బీరువాలో చెదలు తిన్నవే ఎక్కువ. అయినా జాగ్రత్త జాగ్రత్తే. ఖరీదైన విజ్ఞాన సర్వస్వాలు, నిఘంటువులు మీ బల్ల పక్కన ఉంచండి. ఇంటికిచ్చే పుస్తకాలు పిల్లల చేతే ఒక నోట్‌బుక్‌లో రాయించండి. చిరిగితే తిట్టకండి, వాళ్ళ చేతే అతికించండి. తిట్టిన చోట పిల్లలు చిరిగిన పుస్తకం తిరిగి తేరు. చదివి చదివి పాడైనవి మామూలే అని హెచ్‌ఎం గారితో ముందే మాట్లాడి, ఒక కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం మీ దగ్గర ఉంటే మనసు కుదుటపడుతుంది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారంలో పెద్ద పిల్లలని చిత్తూరులోని జిల్లా కేంద్ర గ్రంథాలయానికో, మీకు దగ్గరలోని శాఖా గ్రంథాలయానికో తీసుకెళ్ళండి. ముందురోజు వెళ్ళి లైబ్రేరియన్ గారితో మాట్లాడి రండి. పిల్లలు తమ గదిలో ఏ బొమ్మ కింద ఏ నంబరు ఉందో రాసుకుని వెళ్ళి, అక్కడ ఆ వీధులు ఎటు పోతున్నాయో వాళ్ళే వెతుక్కోవాలి.

వేసవి దాకా ఆగకండి. సెలవుల్లో పిల్లలు ఉండరు, మీరొక్కరే సర్దుతారు, అప్పుడు నాకు జరిగిందే మీకూ జరుగుతుంది. ఈ వారంలోనే ఒక బీరువా తెరవండి. ఏది ముందు తెరవాలో తెలియకపోతే, నక్షత్రాల పుస్తకం ఉంటుందని మీకు అనుమానం ఉన్నది తెరవండి. సర్దడానికి వచ్చే ఆరో తరగతి పిల్లల్లో ఆ అమ్మాయిని కూడా పిలవండి. "ఆరోజు నేను సరిగ్గా వెతకలేకపోయాను, ఇద్దరం కలిసి చూద్దాం రా" అని చెప్పండి. పుస్తకం దొరికాక దాన్ని ఏ అరలో పెట్టాలో ఆ పాపనే అడగండి, అర మీద అంటించే నక్షత్రం బొమ్మ కూడా తన చేతే వేయించండి.